దావా వేసే హక్కు ఎవరిది?

అన్యాయానికి గురైన మనిషికి నష్టపరిహారం ముడితే చాలునా? లేక ఆ అన్యాయం చేసినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి సంజాయిషీ అడిగే హక్కు కూడా అతనికి ఉండాలా? మొదటిది దొరికితే రెండోది అక్కర్లేదనేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో కంపెనీల ప్లీడర్లే కాదు, పేదల పట్ల నిజమైన జాలిగల జడ్జీలూ, మన అభ్యుదయ శిబిరానికి చెందిన మిత్రులూ కూడా ఉన్నారు. అందువల్ల ఈ ప్రశ్నను కొట్టిపారెయ్యకుండా విచారించవలసి ఉంది.

సివిలు దావా అనగానే మనకు ఆస్తిపరుల వ్యవహారమే గుర్తుకొస్తుంది. ఇది అకారణం కాదు. గట్టు తగాదాలు, ప్రామిసరీ నోట్లు, అన్నదమ్ముల పంపకాలు—సివిలు కోర్టుల్లో ఎక్కువగా వినబడేవి ఇవే. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత పుట్టించినవాడికి కోర్టుల అనుభవం బాగానే ఉండివుండాలి. వాయిదా మీద వాయిదా, ప్లీడరు ఫీజు, గుమాస్తా మామూలు, చివరికి డిక్రీ చేతికొచ్చాక దాన్ని అమలు జరిపించటానికి మళ్ళీ తిరుగుడు. కోరిన సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలి. అంటే ఎంత ఎక్కువ నష్టపోతే అంత ఎక్కువ రుసుము! అది కట్టలేనివాడు తాను నిరుపేదనని ముందు రుజువు చేసుకోవాలి. వెనక దీన్ని పాపరు దావా అనేవాళ్ళు. 1976లో చట్టం ఆ పేరు మార్చింది గాని, పేదరికం రుజువు చేసుకునే బాధ తీసెయ్యలేదు. ఇది గాక కాలపరిమితి ఒకటి. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద పరిహారం అడగాలంటే, 1963 నాటి లిమిటేషను చట్టం ప్రకారం, మనిషి పోయిన రెండేళ్ళలోగా దావా పడాలి. ఆ తరవాత కాలదోషం పడుతుంది. దుఃఖానికి కాలదోషం పట్టదు గాని దావాకు పడుతుంది.

ఈ అడ్డంకులు అందరికీ తెలిసినవే. అయితే నేనిక్కడ చర్చించదలచుకున్నది మరోరకం అడ్డంకి. న్యాయస్థానం గుమ్మం ఎత్తుగా ఉండి ఎక్కలేకపోవటం ఒకటి. “నువ్వు ఎక్కనక్కర్లేదు, నీ బదులు నేను ఎక్కుతాను, నువ్వు ఎక్కకూడదు కూడా” అని ప్రభుత్వమే చెప్పటం మరొకటి. ఈ రెండో దానికి మన దేశంలో భోపాల్‌ను మించిన ఉదాహరణ లేదు.

1984 డిసెంబరు 2 రాత్రి, తెల్లవారితే 3వ తేదీ అనగా, భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ క్రిమిసంహారక మందుల ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసైనేట్ వాయువు వెలువడి పక్కనున్న పేటల మీదికి పాకింది. నిద్రలో ఉన్న కూలీలూ, చిన్న వర్తకులూ, వాళ్ళ పిల్లలూ వేల సంఖ్యలో చచ్చిపోయారు. బతికినవాళ్ళలో లక్షలమందికి ఊపిరితిత్తులూ, కళ్ళూ చెడ్డాయి. ఫ్యాక్టరీ నడుపుతున్న భారతీయ కంపెనీలో సగానికి పైగా వాటాలు అమెరికాలోని మాతృసంస్థవి. సుమారు 22 శాతం మన ప్రభుత్వరంగ ఆర్థిక సంస్థలవి. ఈ రెండో అంకెను పాఠకుడు గుర్తుంచుకోవాలి.

1985 మార్చిలో పార్లమెంటు భోపాల్ క్లెయిముల చట్టం చేసింది. బాధితుల తరపున దావా వెయ్యటానికీ, నడపటానికీ, రాజీపడటానికీ కేంద్రప్రభుత్వానికే ప్రత్యేక హక్కు ఉంటుందన్నది దాని సారాంశం. బాధితుల కోరికలను ప్రభుత్వం పరిగణనలోకి తీసుకోవాలనీ, బాధితుడు కావాలనుకుంటే తన ఖర్చుతో ఒక ప్లీడరును జతగా పెట్టుకోవచ్చుననీ కూడా అందులో ఉంది. పెళ్ళి ఖాయం చేసేటప్పుడు పిల్ల అభిప్రాయం కూడా అడిగాం అనే పెద్దలు మనకు కొత్తకాదు.

ప్రభుత్వం మొదట అమెరికా కోర్టుకు వెళ్ళింది. అక్కడొక వింత జరిగింది. మన న్యాయస్థానాలు ఇంతటి కేసును విచారించగల స్థితిలో లేవని భారత ప్రభుత్వం వాదించింది. భారత న్యాయస్థానాలు అన్నివిధాలా సమర్థమైనవని అమెరికన్ కంపెనీ వాదించింది! దాని పక్షాన నానీ పాల్కీవాలా వంటి ప్రఖ్యాత న్యాయవాది ప్రమాణపత్రం ఇచ్చాడు. 1986 మే 12న న్యూయార్కు జడ్జి కీనన్ కంపెనీ వాదన ఒప్పుకున్నాడు. ఈ కేసును అమెరికాలో అట్టేపెట్టుకోవటం మరొక సామ్రాజ్యవాద చర్య అవుతుందని కూడా ఆయన రాశాడు. సామ్రాజ్యవాదాన్ని ఖండించే మాట ఒక బహుళజాతి కంపెనీకి ఇంత లాభం చేకూర్చటం చరిత్రలో అరుదు. మన విద్యార్థులు దీన్నుంచి ఒక పాఠం నేర్చుకోవచ్చు. మాట ఎంత మంచిదన్నది చాలదు, ఆ మాట ఎవరి చేతికి ఏ పనిముట్టుగా ఉపయోగపడుతున్నదో చూడాలి.

1986 సెప్టెంబరులో దావా భోపాల్ జిల్లా కోర్టుకు వచ్చింది. ప్రభుత్వం కోరింది మూడువందల కోట్ల డాలర్లకు పైచిలుకు. 1987 డిసెంబరులో జిల్లా జడ్జి మధ్యంతర సహాయంగా 350 కోట్ల రూపాయలు చెల్లించమన్నాడు. 1988 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని 250 కోట్లకు తగ్గించింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1989 ఫిబ్రవరి 14, 15 తేదీల్లో సుప్రీంకోర్టు ఉత్తర్వులతో వ్యవహారమంతా రాజీ అయింది. 47 కోట్ల డాలర్లు, అంటే మన రూపాయల్లో ఏడువందల కోట్ల పైచిలుకు. కోరినదానిలో ఏడో వంతు కూడా కాదు. దానితోపాటు కంపెనీ మీది క్రిమినలు కేసులు కూడా రద్దయినాయి. బాధితులు ఈ సంగతి జరిగిపోయిన తరవాత తెలుసుకున్నారు. ఆ మొత్తం ఎలా న్యాయమైనదో వివరించే కారణాలను కోర్టు మే 4న చెప్పింది. తీర్పు ముందు, కారణాలు తరవాత.

మన సివిలు ప్రొసీజరు కోడ్‌లో ఒక నియమం ఉంది. మైనరు తరపున గార్డియను రాజీపడాలంటే, ఆ రాజీ మైనరుకు మేలు చేసేదని కోర్టుకు తృప్తి కలిగించి ముందుగా అనుమతి పొందాలి. తండ్రికి కొడుకు మీద ప్రేమ ఉండదనా ఈ నియమం? కాదు. ఇతరుల హక్కును చేతిలో పెట్టుకున్న ఏ మనిషయినా, ఎంత మంచివాడైనా, ఆ హక్కును తన సౌకర్యానికి అనుగుణంగా తెగనమ్మే ప్రమాదం ఉందని చట్టానికి తెలుసు. భోపాల్‌లో చట్టం పెద్దవాళ్ళను మైనర్లుగా జమకట్టింది. జమకట్టిన తరవాత మైనరుకు దక్కే రక్షణ మాత్రం వాళ్ళకు దక్కలేదు. పైగా ఈ గార్డియను ఎవరు? ఫ్యాక్టరీకి లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వం. వాటాల్లో 22 శాతం తన ఆర్థిక సంస్థల చేతిలో పెట్టుకున్న ప్రభుత్వం. బాధితులు స్వేచ్ఛగా దావా వేసివుంటే ప్రతివాదుల జాబితాలో ఈ గార్డియను పేరు కూడా ఉండదగినదే.

1989 డిసెంబరు 22న సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. ప్రభుత్వానికి కూడా ఇందులో స్వప్రయోజనం ఉందన్న వాదానికి, ఈ పని చెయ్యగలవాళ్ళు మరెవరూ లేనప్పుడు తప్పదన్నది జవాబు. రాజీకి ముందు బాధితుల మాట వినవలసిందేనని కోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, రివ్యూ పిటిషన్ల విచారణలో ఎలాగూ వింటారు గనక లోపం సర్దుకుంటుందన్నది. గొప్ప న్యాయం జరగటానికి ఒక్కొక్కప్పుడు చిన్న అన్యాయాన్ని సహించవచ్చుననే భావం కూడా ఆ తీర్పులో ఉంది.

సాహిత్యం చదివినవాళ్ళు ఈ భావాన్ని గుర్తుపట్టకపోరు. షేక్‌స్పియర్ ‘వెనిస్ వర్తకుడు’ నాటకంలో కోర్టు దృశ్యంలో బసానియో తన మిత్రుణ్ణి కాపాడమని ఇటువంటి మాటే అంటాడు. అయితే న్యాయాసనం పక్షాన మాట్లాడుతున్న పోర్షియా దానికి ఒప్పుకోదు. ఇవాళ ఒకసారి చట్టాన్ని వంచితే, రేపు దాన్నే ఆనవాయితీగా చూపి ఎన్నో తప్పులు జొరబడతాయంటుంది. ఆమె ఆ తరవాత పన్నిన యుక్తి సంగతి వేరు. నాటకంలో మనసు చెదిరిన మిత్రుడి నోట వచ్చిన మాట మన దేశంలో అత్యున్నత న్యాయస్థానం తీర్పులో చేరింది. నాటకంలో జవాబు చెప్పిన పోర్షియా మాత్రం ఇక్కడ లేకపోయింది.

పర్యవసానం చూడండి. 1991 అక్టోబరు 3న సుప్రీంకోర్టు రివ్యూలో క్రిమినలు కేసులను పునరుద్ధరించింది. రాజీ సొమ్మును మాత్రం కదిలించలేదు. చాలకపోతే ప్రభుత్వం భర్తీ చెయ్యాలన్నది. రాజీ నాటి లెక్క సుమారు 3,000 మరణాలు. చివరికి క్లెయిముల కోర్టులు అంగీకరించిన మరణాలు అయిదువేల పైచిలుకు. పరిహారానికి అర్హులని తేలినవాళ్ళు మొత్తం అయిదున్నర లక్షలకు పైన. డబ్బు స్థిరం, మనుషులు పెరిగారు, తలకు వచ్చే వాటా తగ్గింది. గాయపడినవాళ్ళలో అత్యధికులకు దక్కింది 25,000 రూపాయలు. అందులోంచి కూడా అంతకుముందు నెలనెలా ఇచ్చిన 200 రూపాయల సహాయాన్ని మినహాయించుకున్నారు. మిగిలిపోయిన నిధిలోంచి 2004లో కోర్టు ఉత్తర్వు తరవాత మరో 25,000 వచ్చింది. జీవితాంతం రొమ్ము పట్టేసి పని చెయ్యలేని కూలివాడి ఊపిరి ఖరీదు ఇది.

2010లో ప్రభుత్వమే మళ్ళీ సుప్రీంకోర్టుకు వెళ్ళి, రాజీ తప్పుడు లెక్కల మీద జరిగింది, మరో 7,844 కోట్లు ఇప్పించమని అడిగింది. 2023 మార్చి 14న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. మోసం జరిగిందని రుజువైతే తప్ప ఇన్నేళ్ళ తరవాత రాజీని తిరగదోడటానికి వీల్లేదన్నది. లోటు భర్తీ చెయ్యవలసింది ప్రభుత్వమేననీ, తీసుకోమన్న భీమా పాలసీ కూడా అది తీసుకోలేదనీ చీవాట్లు పెట్టింది. కోర్టు తర్కంలో నేను తప్పు పట్టను. సంతకం పెట్టినవాడు సంతకానికి కట్టుబడాలి. కాని ఆ సంతకం బాధితులది కాదే! తాము పెట్టని సంతకానికి తాము కట్టుబడి ఉండటం, దాన్ని పెట్టినవాడే తప్పయిందన్నా విడుదల లేకపోవటం—దీని పేరు ఏమిటో న్యాయశాస్త్రజ్ఞులు చెప్పాలి.

ఇప్పుడు ప్రతిపక్షం వాదనలకు వస్తాను.

మొదటి వాదన: లక్షలమంది విడివిడిగా దావాలు వేస్తే ఏ కోర్టూ తట్టుకోలేదు, ఏ పేదవాడూ బహుళజాతి కంపెనీని ఎదుర్కోలేడు, గెలుపులో వాటా కోసం అమెరికా నుంచి దిగిన ప్లీడర్లు వేలిముద్రలు సేకరించుకుపోయేవాళ్ళు. ఈ మాటల్లో నిజం ఉంది. అయితే ఈ వాదన రుజువు చేసేదేమిటి? బాధితుల దావాలను ఒకచోట చేర్చాలని, ప్రభుత్వం ప్లీడర్లనూ శాస్త్రజ్ఞులనూ డబ్బునూ సమకూర్చాలని రుజువు చేస్తుంది. వాళ్ళ హక్కు లాక్కోవాలని రుజువు చెయ్యదు. నడవలేనివాడికి చెయ్యి ఆసరా ఇవ్వటం వేరు, కాళ్ళు తీసుకుపోయి నీ బదులు నేను నడుస్తాననటం వేరు.

రెండో వాదన: బాధితుడికి కావలసింది త్వరగా డబ్బు, సిద్ధాంతం కాదు. ఇది వినటానికి చాలా వాస్తవికంగా ఉంటుంది. కాని భోపాల్‌లో త్వరగా జరిగింది రాజీ మాత్రమే. పరిహారం పంపకం మొదలు కావటానికి 1992 వచ్చింది. త్వరగా సహాయం అందాలంటే హక్కు వదులుకోవలసిందేనా? కాదని మన పార్లమెంటే ఒప్పుకుంది. 1991లో చేసిన పబ్లిక్ లయబిలిటీ భీమా చట్టం ప్రకారం ప్రమాదకర పదార్థాలతో ప్రమాదం జరిగితే ఎవరి తప్పో రుజువు చెయ్యకుండానే తక్షణ సహాయం అడగవచ్చు. ఇతర చట్టాల కింద పరిహారం అడిగే హక్కు దీనివల్ల పోదని కూడా అందులో స్పష్టంగా రాశారు. నిర్ణయించిన మొత్తాలు అతి స్వల్పం, అది వేరే విమర్శ. కాని సూత్రం ముఖ్యం. సహాయమూ హక్కూ రెండూ ఒకే ఒరలో ఇముడుతాయి.

మూడో వాదన మన మిత్రులది. దీన్ని విద్యార్థులు నన్ను తరచు అడుగుతారు. కోర్టులు పాలకవర్గపు పనిముట్లయినప్పుడు, వాటి గుమ్మం తెరిచి ఉందా మూసి ఉందా అని శ్రామికవర్గం బెంగపడటమెందుకు? ఉద్యమం చేస్తే వచ్చేది ఉద్యమం వల్ల వస్తుంది గాని దావా వల్ల కాదు గదా?

దీనికి నా జవాబు ఇది. కోర్టు పేదవాడికి నిజంగా ఏమీ పనికిరానిదయితే, దాని తలుపు మూయించటానికి కంపెనీలు ఇంత శ్రమపడటం దేనికి? 1989లో కార్బైడ్ కంపెనీ డబ్బిచ్చి కొనుక్కున్నది ఏమిటి? విచారణ లేకపోవటం. ఆ దావా సాక్ష్యం దశకు చేరివుంటే, ప్లాంటు డిజైను ఎవరిది, వాయువును చల్లబరిచే యంత్రాన్ని ఆపేసి ఉంచిందెవరు, ఏ ఖర్చు మిగుల్చుకోవటానికి ఆపారు అన్న ప్రశ్నలకు ప్రమాణం చేసి జవాబు చెప్పవలసి వచ్చేది. కంపెనీ తన తప్పేమీ లేదనీ, ఒక కార్మికుడు కావాలని టాంకులో నీళ్ళు కలిపాడనీ ప్రచారం చేసింది. ఈ ఆరోపణ సివిలు కోర్టులో అడ్డప్రశ్నల ముందు ఒక్కనాడూ నిలబడవలసిన అవసరం కలగలేదు. కార్మికుడి మీద వేసిన నింద రుజువు కాకుండానే గాలిలో మిగిలిపోయింది. వర్గ దృష్టి గలవాళ్ళకు ఇది చిన్న విషయమా? 1986 డిసెంబరులో, ఢిల్లీ ఓలియం వాయువు కేసులో, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడు నష్టానికి సంపూర్ణంగా బాధ్యుడనీ, సంస్థ ఎంత పెద్దదయితే పరిహారం అంత పెద్దదిగా ఉండాలనీ సుప్రీంకోర్టు సూత్రీకరించింది. ఆ కత్తి పదును కార్బైడ్ మీద పరీక్షించే అవకాశాన్ని కూడా రాజీ మింగేసింది.

మరొక సంగతి. ఉద్యమమూ దావా ఒకదానికొకటి శత్రువులు కావు. అబ్దుల్ జబ్బార్ నాయకత్వాన భోపాల్ గ్యాస్ బాధిత మహిళలు సంఘం పెట్టుకుని సంవత్సరాల తరబడి వీధుల్లో ఊరేగింపులు తీశారు, సుప్రీంకోర్టు మెట్లూ ఎక్కారు. క్రిమినలు కేసులు తిరిగి ప్రాణం పోసుకోవటానికి ఆ రెండూ కారణమే. తమ తరపున మాట్లాడటానికి ప్రభుత్వం ఉందని చట్టం చెప్పిన రోజుల్లో, తమకు నోరుందని వాళ్ళే చూపించుకున్నారు.

ఇదంతా ఎక్కడో మధ్యప్రదేశ్ సంగతి అనుకోనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునలు కంపెనీని 50 కోట్లు డిపాజిటు చెయ్యమన్నది. భోపాల్‌తో పోలిస్తే ఇది ఎంతో మెరుగు, ఆ మేరకు సంతోషించాలి. అయితే 2010లో వచ్చిన హరిత ట్రిబ్యునలు చట్టం, అటువంటి పరిహారం విషయంలో సివిలు కోర్టుకు అధికారం లేకుండా చేసింది. దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది. అయిదేళ్ళ గడువు, అరవై రోజుల అదనం. ఆ రోజు విషం పీల్చినవాడికి పదేళ్ళకు జబ్బు బయటపడితే? విశాఖ జిల్లా కోర్టు అతని ఊళ్ళోనే ఉంది, కాని దాని తలుపు అతనికి మూసేవుంది. అదే 2010లో పార్లమెంటు చేసిన అణు నష్టపరిహార చట్టం, ప్లాంటు నడిపేవాడి బాధ్యతను 1,500 కోట్లకు పరిమితం చేసి, సివిలు కోర్టుల అధికారాన్ని తొలగించింది. అణు విద్యుత్ కేంద్రానికి స్థలంగా శ్రీకాకుళం జిల్లా కొవ్వాడను ఎంచారని మరవకూడదు. ప్రమాదానికి హద్దు లేదు, బాధ్యతకు మాత్రం హద్దు గీశారు. మిగతాది ఎవరు భరిస్తారు? ఊపిరితిత్తులతో భరించేవాళ్ళే భరిస్తారు.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. పరిహారం ముడితే చాలదా?

రైతు ఎద్దును ఎవడో కొట్టి కాలు విరగ్గొట్టాడనుకుందాం. పెద్దమనుషులు కూర్చుని నష్టం కడతారు, డబ్బు రైతుకు ముడుతుంది. ఇందులో అన్యాయమేమీ లేదు. ఎద్దును ఎవరూ అడగరు, అడగాలని కూడా ఎవరికీ తోచదు. విరిగింది ఎద్దు కాలే అయినా నష్టపోయినవాడు దాని యజమాని. భోపాల్ చట్టం జాలితో చేసినదే కావచ్చు, కాని దాని తర్కం ఈ ఎద్దు తర్కం. ప్రజలు దెబ్బతిన్నారు, ప్రభుత్వం బేరం కుదుర్చుకుంది. ఎద్దుకు దాణా వేసినట్టు బాధితులకు 25,000 వేశారు. మొత్తం ఇంతకు పదింతలు ఉన్నా ఈ తర్కం మారదు. దావా వేసే హక్కులో డబ్బు ఒక భాగం మాత్రమే. “నాకు జరిగింది అన్యాయం, దీనికి నువ్వు జవాబుదారీ” అని ఎంత పెద్దవాణ్ణయినా పేరుపెట్టి పిలిచి అడగగలగటం దాని రెండో భాగం. మనిషిని ఎద్దునుంచి వేరుచేసేది ఆ రెండో భాగమే. దాన్ని తీసేసి ఇచ్చే పరిహారం దానమవుతుంది గాని న్యాయం కాదు. దానం పుచ్చుకున్నవాడు కృతజ్ఞతతో ఉండాలి, న్యాయం పొందినవాడు తలెత్తుకుని ఉండవచ్చు.

కాబట్టి మనం కోరవలసినవి కొన్ని ఉన్నాయి. పరిశ్రమల వల్ల నష్టపోయినవాళ్ళకు కోర్టు ఫీజు ఉండకూడదు. కాలపరిమితిని ప్రమాదం జరిగిన రోజు నుంచి గాక, జబ్బు ఫలానా కారణం వల్ల వచ్చిందని తెలిసిన రోజు నుంచి లెక్కించాలి. ట్రిబ్యునళ్ళు ఉంటే ఉండవచ్చు, కాని సివిలు కోర్టుకు అదనంగా ఉండాలి. ప్రజల తరపున ప్రభుత్వం నడిపే ఏ దావాలోనూ బాధితుల సమ్మతి ముందుగా, బహిరంగంగా తీసుకోకుండా రాజీ చెల్లకూడదు. ఇవి విప్లవాత్మకమైన కోరికలు కావు. ఇవి సాధించినంత మాత్రాన కోర్టులు పేదవాడివి అయిపోవు. కాని వీటిని కూడా అడగలేని ప్రజలు అంతకంటె పెద్దవి అడుగుతారని నేను నమ్మను.